పెద్దలకు మాత్రమే: ఒక వాకిలి చరిత్ర

"పెద్దలకు మాత్రమే" అన్న మాటను మనలో చాలామంది మొదట చదివింది సినిమా గోడపత్రికల మీద. ఒక మూల గుండ్రంలో "ఏ" అన్న అక్షరం, దాని కింద ఈ హెచ్చరిక. లోపల పిల్లలు చూడకూడనిదేదో ఉందన్న అర్థమే ఆ మాటకు మన మనసుల్లో అంటుకుని ఉండిపోయింది. అందుకే, అమెరికాలో స్థిరపడిన మా బంధువుల జంట ఒకటి జమైకాలో "పెద్దలకు మాత్రమే" అని రాసి ఉన్న రిసార్టులో వారం రోజులు గడిపి వచ్చామని చెప్పినప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు కాస్త ఇబ్బందిగా నవ్వారు. "అక్కడ ఏముంటుందిరా?" అని మా పిన్నిగారు అడగనే అడిగారు. "ఏమీ ఉండదు పిన్నీ, పిల్లలుండరు. అంతే" అన్నాడతను. అతని భార్య మాత్రం ఒక్క మాటే చెప్పింది: "ఏడు రోజులూ అన్నం వేడిగా ఉండగానే తిన్నాను."

ఆ మాట నన్ను వదల్లేదు. పిల్లలు లేకపోవడమనేది డబ్బు పెట్టి కొనుక్కోదగిన సౌకర్యంగా ఎప్పుడు మారింది? ఎవరు మార్చారు? వెదుకుతూ పోతే తేలినదేమిటంటే, ఈ వాకిలి మొదట పిల్లల్ని ఆపడానికి కట్టినది కాదు. వేరే ఎవరెవరినో ఆపడానికి కట్టిన తలుపు, కాలక్రమంలో పిల్లల దగ్గర స్థిరపడింది.

అసలు సామాన్య కుటుంబం పిల్లాపాపలతో సెలవు గడపడానికి బయలుదేరడమే ఎంతో పాత ఆచారం కాదు. జీతం కోత లేని సెలవు ఫ్రాన్సు కార్మికులకు 1936లో రెండు వారాల చొప్పున చట్టబద్ధంగా దక్కింది. బ్రిటన్‌లో ఆ దారి చూపిన చట్టం 1938లో వచ్చింది. ఆ 1936లోనే బిల్లీ బట్లిన్ అనే వ్యాపారి ఇంగ్లండు తూర్పు తీరాన స్కెగ్నెస్‌లో కార్మిక కుటుంబాల కోసం ఒక సెలవు శిబిరం తెరిచాడు. అమ్మానాన్నలకు కాస్త తీరిక దొరికితే తప్ప వారికది సెలవు కాదని అతడు గ్రహించాడు. బట్లిన్ శిబిరాల్లో రాత్రిపూట పిల్లల్ని కుటీరాల్లో నిద్రపుచ్చి పెద్దలు నృత్యశాలకు వెళ్ళేవారు. కాపలా మనుషులు కుటీరాల వెంట తిరుగుతూ చెవి ఒగ్గి వినేవారు. ఫలానా నంబరు కుటీరంలో బిడ్డ ఏడుస్తోందని నృత్యశాలకు కబురు అందేది. తల్లో తండ్రో లేచి వెళ్ళేవారు.

ఈ ఏర్పాటును గుర్తుంచుకోవాలని పాఠకులకు మనవి. తల్లిదండ్రుల అలసటకు సెలవుల వ్యాపారం చెప్పిన మొదటి సమాధానం ఇది: పిల్లల్నీ రానిద్దాం, చూసుకోవడానికి మరొకరిని పెడదాం. రెండవ సమాధానం అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున పుట్టింది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో పొకోనో కొండలున్నాయి. న్యూయార్కు, ఫిలడెల్ఫియా నగరాలకు దగ్గర. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో రుడాల్ఫ్ వాన్ హోవెన్‌బర్గ్ అనే ఆయన అక్కడ "కొండమీది పొలం" అన్న అర్థమిచ్చే పేరుతో, కొత్తగా పెళ్ళయినవారికి మాత్రమే అంటూ ఒక విడిది తెరిచాడు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు పెళ్ళిళ్ళు చేసుకుంటున్న రోజులవి. ఆ విడిదికి పిల్లలు రాకపోవడానికి నిషేధం కారణం కాదు, వచ్చినవారికి ఇంకా పిల్లలు లేరు కనుక! అక్కడ వాకిలి ఆపినది పెళ్ళికాని జంటల్ని, ఒంటరివారిని.

ఆ కొండల్లోనే మోరిస్ విల్కిన్స్ అనే మాజీ నౌకాదళ ఎలక్ట్రీషియను ఒక భాగస్వామితో కలిసి 1958లో సరస్సు ఒడ్డున పాత హోటలు కొని, జంటల విడిదిగా మార్చాడు. 1963లో హృదయాకారంలో ఇద్దరు పట్టే స్నానపు తొట్టె కట్టించాడు. 1971లో లైఫ్ పత్రిక ఆ తొట్టె ఛాయాచిత్రం వేయడంతో పొకోనో పేరు దేశమంతా మోగింది. విడిది "కొత్త దంపతుల" నుంచి "జంటల" విడిదిగా మారినప్పుడే అసలు మలుపు వచ్చింది. పెళ్ళయి పదేళ్ళయినవారు కూడా రావచ్చు. కాని వారికి పిల్లలుంటారు. ఆ పిల్లలు ఇంటి దగ్గరే ఉండాలి. అంతవరకు అడగనవసరం లేని ప్రశ్న ఇప్పుడు నియమమయింది.

ఐరోపాలో కథ ఇంకోలా నడిచింది. 1950లో జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశస్థుడు స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపంలో గుడారాలు వేసి క్లబ్ మెడిటెరానీ ప్రారంభించాడు. ఆ గుడారాలు సమకూర్చిన కుటుంబానికి చెందిన జిల్బేర్ ట్రిగానో తర్వాత సంస్థలో చేరి దాన్ని మహావ్యాపారం చేశాడు. మొదట్లో వచ్చినవారు ఎక్కువగా యువతీయువకులు. ఆట, ఈత, పాట, పొత్తుల భోజనం. కాలం గడిచింది. ఆ యువతీయువకులు పెళ్ళాడి తల్లిదండ్రులయ్యారు, క్లబ్బును మాత్రం వదులుకోదలచలేదు. 1967లో క్లబ్బు "మినీ క్లబ్" పెట్టింది. పగలంతా పిల్లల బాధ్యత క్లబ్బుది. బట్లిన్ సమాధానమే మళ్ళీ వచ్చిందన్నమాట.

ఇప్పుడు ఈ చరిత్రలో ముఖ్యమైన చోటికి, జమైకాకు, వద్దాం.

1970లలో ఆ ద్వీపం అల్లకల్లోలంగా ఉంది. మైకేల్ మాన్లీ ప్రధానిగా ఉన్న కాలం. రెండు పక్షాల రాజకీయ ముఠాల పోరు కింగ్‌స్టన్ వీధుల్లో రక్తం చిందించింది. 1976లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1980 ఎన్నికల ఏడాదిలో సుమారు 800 మంది హతులయ్యారు. పర్యాటకులు భయపడి రావడం తగ్గించారు, హోటళ్ళు మూతపడ్డాయి. మూతపడబోయేవాటిని కొన్నింటిని ప్రభుత్వమే తీసుకోవలసి వచ్చింది.

అలాంటి కాలంలో పర్యాటకుణ్ణి రప్పించాలంటే ఏం చేయాలి? బయటికి అడుగు పెట్టనవసరం లేని చోటు చూపించాలి. భోజనం, పానీయం, ఆట, పాట, అన్నిటికీ కలిపి ముందే ఒకే ధర. ఏబ్ ఇస్సా అనే హోటలు యజమాని ఓచో రియోస్ దగ్గర 1949లో తెరిచిన టవర్ ఐల్ హోటలును 1978లో "కపుల్స్" అని పేరు మార్చి, జంటలకే పరిమితం చేశాడు. 1981లో గోర్డన్ "బుచ్" స్టూవర్ట్ రంగంలోకి దిగాడు. ఆయన వృత్తి ఏసీ యంత్రాలు, గృహోపకరణాలు అమ్మడం. మాంటెగో బే విమానాశ్రయం పక్కన ఉన్న బే రాక్ అనే హోటలు కొని, 99 గదులతో తొలి శాండల్స్ తెరిచాడు. నెత్తి మీదుగా విమానాల మోత. ఆ మోతను కూడా ఆయన వినోదంగా మలిచాడంటారు: విమానం వెళ్ళినప్పుడల్లా చేయి ఊపి, పక్కనున్నవారిని ముద్దాడండి!

వ్యాపారలెక్కలు చూస్తే ఇందులోని తెలివి బోధపడుతుంది. ఇద్దరికి ఒకే మంచం, ఒకే గది. పిల్లల రాయితీ ధరలు లేవు, పిల్లల కొలను, ఆయాలు అక్కరలేదు. మద్యం పోసేచోట చిన్నవారెవరన్న బెంగ లేదు. అన్నింటికన్నా ముఖ్యం, బడి సెలవులకోసం ఆగనవసరం లేనివారు ఏ నెలలోనైనా రాగలరు కనుక గదులు ఏడాది పొడుగునా నిండుతాయి. అంటే పిల్లలు లేకపోవడం మొదట అతిథి కోరిన ప్రశాంతత కాదు, యజమాని కుదుర్చుకున్న లెక్క. ప్రశాంతత అన్న పేరు దానికి తర్వాత వచ్చింది.

శాండల్స్ కథలో క్లబ్ మెడ్ చరిత్ర పునరావృతమయింది. 1980లలో అక్కడ తొలిసారి గడిపిన జంటలు పదేళ్ళలో తల్లిదండ్రులయ్యారు. ఆ సంస్థే 1997లో "బీచెస్" అన్న పేరుతో కుటుంబాల రిసార్టులు తెరిచింది. ఒకే యజమానికి రెండు గుమ్మాలు. ఒకదాని మీద పిల్లలు వద్దని, ఇంకొకదాని మీద పిల్లలతో రండని రాసి ఉంటుంది. "పెద్దలకు మాత్రమే" అన్నది పిల్లలంటే గిట్టనివారి స్థావరమనుకోవడం అందుకే పొరపాటు. రెండు గుమ్మాల్లోనూ నడిచేది చాలావరకు ఒకే మనుషులు, జీవితంలోని వేరువేరు ఏళ్ళలో.

అయితే ఆ గుమ్మం దగ్గర ఆగిపోయినవారు పిల్లలొక్కరే కాదు. "జంట" అంటే స్త్రీపురుషుల జంట అని శాండల్స్ చాలాకాలం నియమం పెట్టుకుంది. స్వలింగ జంటలకు ప్రవేశం లేదు. బ్రిటన్‌లో దీనిమీద నిరసన లేచింది. కెన్ లివింగ్‌స్టన్ మేయరుగా ఉన్న లండన్‌లో నగర రవాణా సంస్థ ఆ ప్రకటనలకు చోటివ్వలేదు. చివరికి 2004లో సంస్థ ఆ నియమాన్ని ఎత్తివేసింది. పొకోనోలో పెళ్ళికానివారిని ఆపిన తలుపు తెరుచుకుంది. జమైకాలో స్వలింగ జంటల్ని ఆపిన తలుపు తెరుచుకుంది. ఆగిపోయినవారు అడిగారు కనుక తెరుచుకుంది. పిల్లలు అడగరు.

చట్టం కూడా వారి తరఫున అడగలేదు, కొన్ని చోట్ల తప్ప. అమెరికాలో 1988 నాటి సవరణ తరువాత పిల్లలున్న కుటుంబానికి ఇల్లు అద్దెకివ్వనని చెప్పడం సమాఖ్య చట్టం కింద చట్టవిరుద్ధమయింది. వృద్ధుల నివాసాలకు మినహాయింపు ఉంది. కాని అది నివాసగృహాల సంగతి, వారం రోజుల విడిది సంగతి కాదు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం సేవల విషయంలో వయస్సును బట్టి వివక్ష కూడదంటూనే, 18 ఏళ్ళ లోపువారికి ఆ రక్షణ వర్తించదని స్పష్టంగా రాసుకుంది. దక్షిణ కొరియాలో మాత్రం, జెజు ద్వీపంలోని ఒక భోజనశాల 13 ఏళ్ళ లోపువారిని రానివ్వకపోవడం వివక్షేనని జాతీయ మానవహక్కుల సంఘం 2017లో అభిప్రాయపడింది. ఒక ప్రవర్తనను నిషేధించడం వేరు, ఒక వయస్సును నిషేధించడం వేరు అన్న ప్రశ్న అక్కడ గట్టిగా చర్చకు వచ్చింది. అల్లరి చేసే పెద్దవాణ్ణి అతని అల్లరికి బయటకు పంపుతారు. పిల్లవాణ్ణి అల్లరి చేయకముందే పంపుతారు.

ఇంత చెప్పాక ఎదుటి పక్షం మాట కూడా చెప్పాలి. సంతానం లేక బాధపడుతున్నవారుంటారు. బిడ్డను పోగొట్టుకున్నవారుంటారు. పగలంతా తరగతిలో నలభైమందిని అదుపు చేసే పంతులమ్మ ఉంటుంది. రోజంతా పిలిచినప్పుడల్లా పలికే తల్లి ఉంటుంది. వారు ఒక వారం నిశ్శబ్దం కోరితే తప్పెన్నడానికి నాకు నోరు రాదు. వారు ఆశించేది దొరుకుతుందా అన్నది వేరే మాట. వయోపరిమితి కొన్నిచోట్ల 16, కొన్నిచోట్ల 18, ఇంకొన్నిచోట్ల 21. ఈతకొలను పక్కన అర్ధరాత్రి దాకా మోగే సంగీతం, తాగి అరిచే పెద్దలు ఏ వయోపరిమితికీ లొంగరు. నియమం హామీ ఇచ్చేది పిల్లలుండరని, నిశ్శబ్దంగా ఉంటుందని కాదు.

ఆ వాకిలి దగ్గర కనబడని మరొకరున్నారు. జమైకాలో 1956 నాటి తీర నియంత్రణ చట్టం సముద్రపు అంచును ప్రభుత్వానికి దఖలు పరిచింది, సామాన్యుడికి అక్కడ ఈదడానికి సర్వసాధారణ హక్కేదీ ఇవ్వలేదు. రిసార్టుల గోడల వెనక తీరాలు స్థానికులకు దూరమవుతున్నాయన్న వివాదం ఆ దేశంలో నేటికీ రగులుతోంది. పిల్లలు లేని ఆ పరుపుల మీద దుప్పట్లు మార్చే స్త్రీలలో తల్లులు ఎందరో. వారి పిల్లలు ఆ పగలు ఎవరి దగ్గర ఉంటారు? జమైకా కుటుంబాల మీద ఎడిత్ క్లార్క్ 1957లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలో పిల్లల్ని సాకే అమ్మమ్మల ప్రస్తావన ఉంటుంది. తల్లి బతుకుతెరువుకు వెళితే బిడ్డ అమ్మమ్మ ఒడిలో పెరగడం ఆ నేలమీద కొత్త కాదు.

ఇక్కడికి వచ్చాక మా బంధువుల ఇల్లు మళ్ళీ గుర్తుకొచ్చింది. ఆ వారం రోజులూ వారి పిల్లలిద్దరినీ ఎవరు చూసుకున్నారని నేను అడగలేదు. అడగనక్కరలేదు. ఆరు నెలల వీసా మీద తెనాలి నుంచి వెళ్ళిన ఆ అమ్మాయి తల్లి చూసుకుంది. బడి బస్సు వేళలు కాగితం మీద తెలుగులో రాసుకుని, నంబర్లు ఫ్రిజ్‌కు అంటించుకుని, చలిలో గుమ్మం దగ్గర నిలబడి. ఆ దంపతుల గదిలో పక్క పరిచిన జమైకా స్త్రీ పిల్లల దగ్గర కూడా బహుశా అలాగే ఒక అమ్మమ్మ కూర్చుని ఉంటుంది.

బట్లిన్ శిబిరంలో కుటీరాల వెంట నడిచిన ఆ కాపలా మనిషి ఎక్కడికీ పోలేదు. పిల్లలు లేని సెలవు అంటే పిల్లలు మరొకరి చేతుల్లో ఉన్న సెలవు. ఆ చేతులకు కొన్నిచోట్ల జీతం ఉంది, కొన్నిచోట్ల లేదు. ఈసారి ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడు అడగాలనుకుంటున్నాను: తను వేడి అన్నం తిన్న ఆ ఏడు రోజులూ వాళ్ళమ్మ ఏ వేళకు తిన్నదని.