వానాకాలం పనులకు ముందే ఫోన్‌లోని యాప్‌లను సరిచూసుకోండి

కామారెడ్డి, ఎల్లారెడ్డి డివిజన్ల రైతులు తెగులు సోకిన ఆకు ఫొటో పంపడం మొదలుకొని పీఎం కిసాన్ ఈ-కేవైసీ వరకు చాలా పనులు ఫోన్‌లోనే చేసుకుంటున్నారు. అయితే రైతు వేదికకు వచ్చే చాలామంది ఫోన్లలో ఎవరు, ఎప్పుడు వేశారో తెలియని యాప్‌లు కనిపిస్తున్నాయి. వీటితో స్టోరేజీ నిండిపోతుంది. వాటిలో ఒక్కటి నకిలీది ఉన్నా, వచ్చిన ఓటీపీలు చదివి బ్యాంకు ఖాతా ఖాళీ చేయగలదు.

తీసివేయాల్సినవి
• పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ, చలాన్ పేర్లతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైళ్లు, వాటి ద్వారా వేసుకున్న యాప్‌లు. తెలిసినవారు పంపినా తెరవరాదు. యాప్‌ను ప్లేస్టోర్ నుంచే, తయారుచేసిన సంస్థ పేరు చూసి వేసుకోవాలి.
• ఫోన్‌బుక్, ఫొటోలు చూసేందుకు అనుమతి అడిగే అప్పుల యాప్‌లు. యాప్ తీసినంత మాత్రాన బాకీ పోదు. కట్టిన రసీదులు ముందే దాచుకోవాలి.
• వాడని ఆటలు, ‘ఫోన్ క్లీనర్’ యాప్‌లు.

ఉంచుకోవాల్సినవి
• దామిని: దగ్గరలో పిడుగు పడే సూచన ఉంటే హెచ్చరిస్తుంది.
• మేఘదూత్: జిల్లాకు రాబోయే 5 రోజుల వాతావరణం, పంట సలహాలు.
• పీఎం కిసాన్. పత్తి వేసేవారికి సీసీఐ వారి కపాస్ కిసాన్.
• రోజూ వాడే బ్యాంకు లేదా యూపీఐ యాప్ ఒకటి.

చాలా ఫోన్లలో నెలల తరబడి తెరవని యాప్‌కు ఇచ్చిన అనుమతులు వాటంతటవే రద్దవుతాయి. అందుకే తొలకరికి ముందు దామినిని ఒకసారి తెరిచి లొకేషన్ అనుమతి ఉందో లేదో చూడాలి.

తీసే పద్ధతి
1. పాసుపుస్తకం, తక్‌పట్టీలు, విత్తన బిల్లు, సంచిపై లాట్ నంబరు ఫొటోలను ముందుగా కేబుల్ ద్వారా ఇంట్లోని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మొలక రాకపోతే ఫిర్యాదుకు ఇవే ఆధారం. అసలు బిల్లు పంట చేతికొచ్చేవరకు పారేయరాదు.
2. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా పూర్తిగా చూడాలి. నకిలీ యాప్‌ల గుర్తు తెరపై కనిపించకపోవచ్చు.
3. యూపీఐ యాప్ తీసే ముందు అందులోని ఆటోపేలు రద్దు చేయాలి. లేదంటే డబ్బు కట్ అవుతూనే ఉంటుంది.
4. ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

పాత ఫోన్, కంప్యూటర్
పాత ఫోన్ పిల్లలకిచ్చినా, అమ్మినా ముందు గూగుల్ ఖాతా తొలగించి ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు కోసం వాట్సాప్ తెరిస్తే, పని కాగానే మీ ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’కు వెళ్లి ఆ కంప్యూటర్‌ను లాగౌట్ చేయాలి. డౌన్‌లోడ్ అయిన ఆధార్, పాసుపుస్తకం ఫైళ్లను అక్కడే తుడిపించాలి.

డబ్బు పోతే
వెంటనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి 1930కు, తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు నిలిపే అవకాశం అంత ఎక్కువ. వచ్చిన మెసేజ్‌ను తుడిచేయవద్దు; అదే ఆధారం.

పంట సలహాలకు యాప్ లేకపోయినా ఇబ్బంది లేదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.