పక్కింటి ఆయమ్మ నీళ్ళు పోసింది

ఈసారి వ్యాకరణం కాదు, చరిత్ర రాస్తున్నాను. కానీ మొదలుపెట్టేది ఒక క్రియతోనే: పోయడం.

మా అవ్వ 1911లో డర్బన్ దగ్గర పుట్టింది. అవ్వ వాళ్ళ నాయన చిత్తూరు వైపు నుంచి నటాల్ చెరకు తోటల్లో కూలి పనికి వచ్చాడు. మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆయన వచ్చింది చాలా ఏళ్ళ తర్వాత. ఐదేళ్ళ ఒప్పందం తీరాక, చాలామంది లాగే, కొంచెం నేల కౌలుకు తీసుకుని కూరగాయలు పెట్టాడు. చిక్కుడు, వంకాయ, పుదీనా, క్యాబేజీ. కావడితో నీళ్ళు మోసి మళ్ళకు పోసేవాళ్ళు.

అవ్వకు ఏడేళ్ళప్పుడు, 1918లో, ఆ జ్వరం వచ్చింది. యుద్ధం పనికి ఫ్రాన్స్ వెళ్ళిన నల్లజాతి కూలీలు తిరిగి వస్తున్న ఓడలు ఫ్రీటౌన్‌లో ఆగాయి. అక్కడ ఇన్‌ఫ్లుయెంజా ఓడెక్కింది. సెప్టెంబరులో కేప్ టౌన్‌లో దిగింది, తర్వాత రైళ్ళలో దేశమంతా తిరిగింది. కొద్ది వారాల్లోనే దక్షిణాఫ్రికాలో సుమారు 3 లక్షల మంది చనిపోయారు. ఇక్కడ ఆ నెలను నల్ల అక్టోబరు అంటారు. కేప్ టౌన్, కింబర్లీలతో పోలిస్తే డర్బన్‌లో చావులు తక్కువ. కానీ ఈ జ్వరం ముసలివాళ్ళ కంటే పడుచువాళ్ళను ఎక్కువ పట్టుకుంది. అంటే తోటలో పని చేసే చేతులనే పట్టుకుంది.

ఇక్కడ అక్టోబరు అంటే వసంతం. లేత మొక్కలు ఎండకు రెండు రోజులు కూడా ఆగవు. రోజూ కోసి, రోజూ అమ్మితేనే కౌలు కట్టగలరు. జ్వరం తగ్గినా మడి ఎండిపోతే ఆ ఇంటికి తిండి లేదు.

అవ్వ ఈ కథ ఎప్పుడూ ఒకే మాటతో ముగించేది: “మాయమ్మా నాయనా పడకేస్తే, పక్కింటి ఆయమ్మ నీళ్ళు పోసింది.”

చిన్నప్పుడు నాకు తెలుగు సరిగ్గా రాదు. నీళ్ళు అంటే తెలుసు, పోయడం అంటే తెలుసు. మొక్కలకు పోసింది అనుకున్నాను. చాలు అనుకున్నాను.

నలభై ఏళ్ళు దాటాక, సొంతంగా తెలుగు నేర్చుకుంటుంటే, ఇంకో అర్థం దొరికింది. మనిషికి నీళ్ళు పోయడం అంటే స్నానం చేయించడం. అమ్మవారు పోసి తగ్గాక, వేపాకు వేసిన నీళ్ళు పోస్తారు. అంటే రోగం పోయింది, ఈ మనిషి మళ్ళీ మన మధ్యకు వచ్చింది అని. మరి ఆయమ్మ వేటికి పోసింది? మొక్కలకా, మనుషులకా?

అవ్వ ఇప్పుడు లేదు. పెద్దమ్మకు ఫోన్ చేసి అడిగాను. ఆమె నవ్వింది. “రెండూ పోసింది, పిచ్చిదానా. ముందు మళ్ళకు, తర్వాత మా అమ్మమ్మకు. ఆయమ్మది అరవం, మనది తెలుగు. అయినా ఏమి పోయింది?”

అందరూ తలుపులు మూసుకున్న రోజుల్లో ఆయమ్మ తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. తన మడి కూడా ఎండుతూ ఉండి ఉంటుంది కదా! చరిత్ర పుస్తకాల్లో ఓడల పేర్లు దొరికాయి, చావుల లెక్క దొరికింది. ఆయమ్మ పేరు పెద్దమ్మకు కూడా తెలియదు.

2020 మార్చి 26 అర్ధరాత్రి ఇక్కడ లాక్‌డౌన్ మొదలైంది. తర్వాత కొన్ని నెలలకు మా పక్కింటావిడ కోవిడ్‌తో ఆసుపత్రికి వెళ్ళింది. ఆమె పెరట్లో కరివేపాకు, పచ్చిమిరప ఉన్నాయి. రోజూ సాయంత్రం గోడ మీదుగా పైపు వేసి నీళ్ళు పట్టాను. ఆమె ఇంటికి వచ్చాక లోపలికి వెళ్ళడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి వెనక్కి వచ్చాను.

కాబట్టి నేను సగమే పోశాను. ఆయమ్మ ఎంత పని చేసిందో నాకు ఆ రోజు అర్థమైంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పే మాట ఒకటి ఈ వారం అడగండి. తెలిసిన మాటే అయినా అడగండి.