కొరివి దయ్యం నుంచి ఎగిరే పళ్లెం దాకా
హైదరాబాద్‌లోని మదీనాగూడ, మియాపూర్ వైపు ఐటీ భవనాలు లేవకముందు ఇవి చెరువులు, పొలాల ఊళ్లు. చెరువు కట్ట తెగకుండా కట్టమైసమ్మ దేవత కాపాడుతుందని తెలంగాణ పల్లెల నమ్మకం. అలాంటి పల్లెల్లోనే రాత్రిపూట చిత్తడి నేల మీద కదిలే వెలుగును కొరివి దయ్యమన్నారు. దగ్గరికి వెళితే దూరం జరుగుతుంది, బాటసారిని దారి తప్పిస్తుందని చెప్పుకునేవారు. కుళ్లిన ఆకులు, అలముల నుంచి పుట్టే వాయువులే దీనికి కారణమని ఒక వివరణ.

ఇక ఆకాశపు వింతల సంగతి. 1947 జూన్ 24న అమెరికాలో పైలట్ కెన్నెత్ ఆర్నాల్డ్ ఆకాశంలో చూసిన వస్తువులకు పత్రికలు 'ఎగిరే పళ్లేలు' అని పేరు పెట్టాయి. పరిశోధకుడు జాక్ వాలే 1969లో ఇలాంటి ఎగిరే పళ్లేల కథలను యూరప్ జానపద దేవతల కథలతో పోల్చాడు: వింత వెలుగు, మాయమయ్యే మనుషులు, లెక్క తప్పే కాలం. పోలిక బలమైనదే, కానీ రెండింటికీ మూలం ఒకటేనని అది రుజువు చేయదు.

మళ్లీ హైదరాబాద్‌కు వస్తే, ఈసీఐఎల్ ప్రాంతంలోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి పరిశోధన బెలూన్లు ఎగురుతాయి. నేల మీద ఇంకా చీకటి ఉండగానే, పైన ఎండ తగిలి బెలూన్ పలుచని ప్లాస్టిక్ పొర మెరుస్తుంది. 2022 డిసెంబరులో అక్కడి నుంచి బెలూన్‌తో వెళ్లిన ఓ క్యాప్సూల్ వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే జనం గుంపులుగా చూడటానికి వచ్చారు. ఈసారి దయ్యం మాట ప్రధానం కాలేదు. అంతరిక్షం నుంచి వచ్చిందా అన్నదే ప్రశ్న.