లెక్కల యంత్రము – చదువు ఎంపిక



గత సంవత్సరము నా మనుమడు ఇంటర్మీడియేటు ముగించి కంప్యూటరు చదువు చదువుదునని చెప్పెను. అందు రెండు శాఖలు గలవనియు, ఒకటి కంప్యూటరు శాస్త్రము, రెండవది కంప్యూటరు సమాచార వ్యవస్థలనియు, ఏది మేలో చెప్పుమనియు నన్నడిగెను. రుసుము నిమిత్తము అరయెకరము మాగాణి తాకట్టు పెట్టవలసి యుండెను. తెలియక సలహా చెప్పుట తగదని యెంచి, ఈ విద్య పుట్టుకను విచారించితిని.

ఈ యంత్రము తొలుత గణితజ్ఞుల సొత్తు. 1949లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము పని చేయనారంభించెను. దానిని వ్యాపారమునకు తెచ్చినవారు తేనీటి దుకాణములు నడపు లయన్స్ సంస్థవారు. వారు 1947లో ఇద్దరు ఉద్యోగులను అమెరికాకు పంపి అచ్చటి యంత్రముల సంగతి తెలిసికొనిరి. కేంబ్రిడ్జికి 3,000 పౌనులు విరాళమిచ్చిరి. ఎడ్సాక్ నమూనాపై లియో అను యంత్రమును తామే కట్టించుకొనిరి. 1951 నవంబరులో అది రొట్టెల తయారీ లెక్కలు చేయసాగెను. పిదప జీతముల పట్టీలును, దుకాణములకు దినదినము పంపవలసిన సరకుల లెక్కలును దాని కప్పగింపబడెను.

ఏ దుకాణము ఏ వేళకు ఏమి తెలుపవలెను, ఆ లెక్క ఎవరి చేతికి చేరవలెను అను నిర్ణయము యంత్రము చేయలేదు. అది డేవిడ్ కామినర్ మొదలైన, కార్యాలయపు పద్ధతులెరిగినవారి పని. ఆ పనియే సమాచార వ్యవస్థల విద్యకు మూలము. అమెరికా కంప్యూటరు పండితుల సంఘము 1968లో కంప్యూటరు శాస్త్రమునకును, 1972లో సమాచార వ్యవస్థలకును వేరువేరుగ పాఠ్యక్రమములు ప్రకటించెను.

మన దేశమున 1955లో కలకత్తాకును, 1963లో కాన్పూరుకును యంత్రములు వచ్చెను. 1967లో హైదరాబాదున ఈసీఐఎల్ స్థాపితమయ్యెను. 1985–86లో ఢిల్లీ రైలు రిజర్వేషను యంత్రమున కెక్కగా, ఒకే కిటికీ వద్ద ఏ బండికైనను టిక్కెట్టు దొరకెను.

ఇక ఉద్యోగముల మాట. 2000వ సంవత్సరము సమీపించినపుడు పాత లెక్కలలో రెండంకెల సంవత్సరములు దిద్దుటకు వేలమంది కావలసివచ్చిరి. 2001లో గిరాకి పడిపోయెను. నేడు ఆజ్ఞలు వ్రాయు పనిలో కొంత యంత్రమే చేయుచున్నది. కావున ఎల్లప్పుడును ఒకే రీతి గిరాకి యుండునని నమ్మి పొలము తాకట్టు పెట్టరాదు.

మా తండ్రిగారు కరణము. 1984లో ఆ పదవి రద్దయ్యెను. అడంగలు తరువాత యంత్రమున కెక్కెను. ఎక్కించినపుడు నా పొలము విస్తీర్ణములో ఒక్క అంకె తప్పిపోగా, దానిని దిద్దించుటకు ఒక సంవత్సరము తిరిగితిని. పొలము నెరిగినవాడు వ్రాసిననే యంత్రము నిజము చెప్పును.

మనుమనితో నిట్లంటిని: "నాయనా, యంత్రము లోపలి మర్మమునందు నీకు మక్కువ యున్నచో మొదటి శాఖ, జనుల పనులయందున్నచో రెండవది. రెండవ దానిలో లెక్కల పద్ధతియు, దత్తాంశములను భద్రపరచు విద్యయు, నిజమైన కార్యాలయమున అభ్యాసమును కలవేమో చూడుము. నిరుడు చదివి వెడలినవారు ఏ పనిలో నున్నారో వారినే అడుగుము. కళాశాల బోర్డును చూచి నమ్మకుము."

అతడు పదిమంది పూర్వవిద్యార్థులను కలిసికొని వచ్చి, రెండవ శాఖనే కోరెను. నేను తాకట్టు కాగితముపై సంతకము చేసితిని. విస్తీర్ణము అంకెను రెండు మారులు చదివిన పిమ్మటనే చేసితిని.