వదిలేస్తే పెరిగిన వేలు

తలుపు సందులో పడి వేలి కొన తెగిన పిల్లాడు వస్తే, ఒకప్పుడు సర్జన్లు వెంటనే సూదీ దారం అందుకునేవారు. మరోచోటి చర్మం తెచ్చి అతికించడమో, ఎముకను కాస్త కత్తిరించి మూసి కుట్టెయ్యడమో చేసేవారు. 1970ల మొదట్లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పిల్లల ఆసుపత్రిలో ఇలాంటి ఓ పిల్లాడికి కట్టు కట్టి, ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపడం మరిచిపోయారని చెబుతారు. కొన్నాళ్లకు కట్టు విప్పితే కొన మళ్లీ పెరుగుతోందట! అక్కడి వైద్యురాలు సింథియా ఇల్లింగ్‌వర్త్ కుట్లు మానేసి, గాయం కడిగి కట్టు కట్టి ఊరుకోవడమే పద్ధతిగా పెట్టుకున్నారు. 1974లో ఆ అనుభవాన్ని వైద్యపత్రికలో ప్రచురించారు. చిన్నపిల్లల్లో, చివరి కణుపు దాటాక తెగిన కొన గోరుతో సహా తిరిగి వస్తోంది.

పుండు మానితే మనం 'ఆరింది' అంటాం. తడి పోతేనే నయమన్న నమ్మకం మాటలోనే ఉంది. పక్కు కట్టేదాకా గాలి తగలనివ్వమని మా నాయనమ్మ పోరేది. 1962లో బ్రిటన్ శాస్త్రవేత్త జార్జ్ వింటర్ పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని పాలిథిన్ పొరతో కప్పాడు. గాలికి వదిలిన వాటికంటే, పొర కింద తడిగా ఉన్నవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. పక్కు అడ్డుంటే కొత్త కణాలు దాని కిందనుంచి దారి తవ్వుకుంటూ పోవాలి మరి.

ఈ రెండు దారులనూ కలిపినట్టు, దక్షిణాఫ్రికా వైద్యులు మెనెన్, వీస్ 1993లో పెద్దవాళ్ల వేళ్లకూ పలుచటి అంటుపొర చుట్టి ఫలితాలు ప్రకటించారు. ఆవిరి పోనిచ్చే ఆ పొరను వారానికోసారి మార్చేవారు. చాలా వేళ్లు మూడు నాలుగు వారాల్లో మానాయి. కంపు మాత్రం భరించాల్సిందే. పొర కింద ఊరే రసం చూపుకి చీములా ఉంటుంది, వాసన అంతకంటే ఘోరం. ఈ సంగతి మొదటిరోజే చెప్పకపోతే రోగి భయపడి కట్టు పీకేస్తాడు.

కొన ఎందుకు పెరుగుతుందో ఎలుకలు కొంత చెప్పాయి. గోటి మొదట్లో ఉండే మూలకణాలే వేలి కొన తిరిగి పెరగడానికి సంకేతాలిస్తాయని న్యూయార్క్ పరిశోధకులు 2013లో తేల్చారు. ఆ మొదలు కూడా తెగిపోయిన ఎలుక వేలు మొండిగానే మిగిలింది.