పత్తి చేనుకు కాపు కాసిన ప్రోటీన్

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో ప్రతి పత్తి రైతు నోటా నలిగే ‘బీటీ’ వెనక ఉన్న బ్యాక్టీరియాను గుర్తించి ఈ ఏడాదికి 125 ఏళ్లు. మన పత్తి చరిత్ర ఇంకా పాతది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవు వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఆ సీమ సన్నని నూలు బట్టలను మార్కోపోలో మెచ్చుకున్నాడు. అయితే రేవు సుంకాలు చెప్పిన శాసనం చేలో పురుగు సంగతి చెప్పదు. కనుక ఆ శతాబ్దాలన్నీ దాటి 1901 నాటి జపాన్‌కు వెళ్లాలి. అక్కడ పట్టుపురుగులు ఉన్నట్టుండి కుప్పకూలుతుంటే ఇషివాతా షిగెతానె కారణం వెతికి ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. పదేళ్లకు జర్మనీలోని తురింజియా పిండిపురుగుల్లో ఎర్నెస్ట్ బెర్లినర్‌కు అదే కనిపించింది. ఆ ప్రాంతం మీదే బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టాడు. అసలు విషం దానిలో పేరుకునే ప్రోటీన్ స్ఫటికమని 1950లలో తేలింది. దాని పనితనం అద్భుతం. పురుగు పేగులోని క్షారంలో స్ఫటికం కరుగుతుంది. అక్కడి ఎంజైములే దాన్ని కోసి పదును పెడతాయి. అప్పుడది పేగు గోడ మీది క్యాడెరిన్ గ్రాహకాన్ని తాళంలో తాళంచెవి పడ్డట్టు పట్టుకుని, చివరకు కణాలకు చిల్లులు పొడుస్తుంది. పురుగును చంపేది మనిషిని వదులుతుందా అని అడిగేవారికి జవాబూ ఇందులోనే ఉంది: మన కడుపులో ఉన్నది ఆమ్లం, దానికి సరిపడే గ్రాహకం మన పేగులో లేదు.

1987-88లో గుంటూరు, ప్రకాశం నేల మీదే తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చేశాయి. ఎన్ని మందులు కొట్టినా చావలేదు, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ బ్యాక్టీరియా ప్రోటీన్లలో ఒకటైన క్రై1ఎసిని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి 2002లో అనుమతి పొంది శనగపచ్చ పురుగును అదుపు చేసింది. గులాబీ రంగు పురుగు మాత్రం ఎక్కువ కాలం లొంగలేదు. గుజరాత్‌లో 2009లోనే నిరోధకత బయటపడింది, 2006లో వచ్చిన రెండు ప్రోటీన్ల రకాన్నీ అది తర్వాత తట్టుకుంది. 2021లో మిరపను ముంచిన నల్ల తామరపురుగు లాంటి రసం పీల్చే జాతులకు ఈ ప్రోటీన్ తగలనే తగలదు. ఇది సైన్స్ ఓటమి అనే వాదనను నేను ఒప్పుకోను. ఒకే గురి మీద ఏటా, ఊరూరా కొట్టడమే ఓడింది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ గింజలు చాలా చేలలో పడలేదు. నిరోధకత ఉన్న పురుగులు ఆ సాళ్లలో బతికే మామూలు పురుగులతో జతకడితేనే నిరోధకత పలచబడుతుంది. తప్పంతా రైతుదే అనలేం; రెండెకరాల కౌలుదారుకు పురుగు కోసం సాళ్లు వదలడం భారమే.

వైద్యంలోనూ ఇదే జరిగింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన సారథిగా ఉన్నప్పుడు లెడర్లీ సంస్థ 1948లో తెచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, బ్యాక్టీరియా తన ప్రోటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌కు గురిపెట్టింది. ఆ తరగతి మందులను బయటికి తోడేసే పంపు ప్రోటీన్లను బ్యాక్టీరియాలు సంపాదించుకున్నాయి. అందుకే కొత్త లక్ష్యాల వెతుకులాట ఆగకూడదు, దొరికినవాటిని పొదుపుగా వాడాలి. ఈ ఖరీఫ్‌లో పత్తి వేసేవారు లింగాకర్షక బుట్టలు పెట్టండి, డిసెంబరు దాటి పంట ఉంచకండి, మోళ్లు పీకేయండి.