ఓటీజీ ఓవెన్ వేడెక్కడం లేదా? రాడ్ పోయిందేమో ఇలా చెక్ చేయండి.. వేడెక్కుతున్నా ఈ టెస్ట్ ముఖ్యం!

బార్కస్ అనగానే మండీ గుర్తొస్తుంది. నిజాం కొలువులోని అరబ్ సైనికుల బ్యారక్‌లు ఉండటం వల్లే పాతబస్తీలోని ఈ ఏరియాకు ఆ పేరొచ్చింది. సంప్రదాయ మండీకి మాంసం భూమిలోని తందూర్‌లో మగ్గుతుంది. ఇంట్లో చేసుకుంటే ఆ పని ఓటీజీ ఓవెన్ చేసిపెడుతుంది. మరి గంటైనా మాంసం పచ్చిగానే ఉంటే? లోపలి హీటింగ్ రాడ్ పోయి ఉండొచ్చు.

ముందు ఇవి చూడండి

చాలా ఓటీజీల్లో టైమర్ సున్నాపై ఉంటే వేడి రాదు. పై రాడ్, కింద రాడ్ ఎంచుకునే నాబ్ కూడా చూడండి. 2000 వాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్ సరిపోదు, 16 ఆంపియర్లదే వాడాలి.

ఫుల్ వేడిలో 5 నిమిషాలు ఉంచి అద్దంలోంచి గమనించండి. ఒక రాడ్ ఎర్రబడి ఇంకోటి నల్లగానే ఉంటే అనుమానం దానిమీదే. కొన్ని మోడళ్లలో రెండేసి రాడ్లు సిరీస్‌లో ఉంటాయి. ఒకటి తెగితే రెండూ ఆగిపోతాయి.

మల్టీమీటర్ టెస్ట్

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసేయాలి. ఓవెన్ పూర్తిగా చల్లారాక సైడ్ కవర్ విప్పి, రాడ్ రెండు చివర్ల వైర్లు తీయండి. మీటర్‌ను 200 ఓమ్స్‌లో పెట్టి రెండు చివర్లకు తాకించండి. నేరుగా 230 వోల్టులతో నడిచే 1000 వాట్ల రాడ్ అయితే దాదాపు 53 ఓమ్స్ చూపాలి. ఓఎల్ అనో, ఎడమవైపు 1 అనో వస్తే లోపలి నైక్రోమ్ తీగ తెగినట్టే.

అసలు ప్రమాదం ఇక్కడే

రాడ్ గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. కరెంట్ బయటి గొట్టానికి రాకుండా ఆపేది అదే. గొట్టం పగిలినా, పొడికి తేమ పట్టినా కరెంట్ ఓవెన్ బాడీకి లీక్ కావచ్చు. రాడ్ మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది!

అందుకే మీటర్‌ను గరిష్ఠ ఓమ్స్ రేంజ్‌కు మార్చి, ఒక ప్రోబ్ రాడ్ చివరకు, రెండోది బయటి గొట్టానికి పెట్టండి. ప్రోబ్‌ల లోహాన్ని వేళ్లతో తాకొద్దు. ఏ రీడింగ్ వచ్చినా ఆ ఓవెన్ వాడొద్దు. రీడింగ్ రాకపోయినా షాక్ కొడుతున్నా, ఎంసీబీ పడిపోతున్నా ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ టెస్ట్, ఎర్తింగ్ చెక్ చేయించండి.

రాడ్ బాగుంటే?

థర్మోస్టాట్, థర్మల్ ఫ్యూజ్, కాలిన కనెక్షన్లు చూడాలి. రాడ్ మార్చాలంటే పాతది షాపుకు తీసుకెళ్లి అదే వాట్లు, అదే పొడవుది కొనండి.

గమనిక: మైక్రోవేవ్‌ను మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ తీసినా అందులోని కెపాసిటర్‌లో ప్రాణాలు తీసేంత వోల్టేజ్ మిగిలి ఉండొచ్చు.